వలస పాటకు దక్కని పెట్టె

సూరత్ పేరు వినగానే రాజకీయ చరిత్ర చదివినవారికి 1907 డిసెంబరు గుర్తుకు వస్తుంది. అతివాదులు, మితవాదులుగా కాంగ్రెస్ చీలిపోయిన మహాసభ జరిగింది ఆ నగరంలోనే. 1994లో ప్లేగు భయంతో కార్మికులు గుంపులుగా రైళ్లెక్కి ఊరు విడిచిన దృశ్యాలు మరికొందరికి జ్ఞాపకం ఉండవచ్చు. ఈ రెండు సంఘటనల నడుమ వలస కూలీల శ్రమతో ఎదిగిన సూరత్‌కు మాత్రం చరిత్ర గ్రంథాలలో దక్కిన చోటు తక్కువ. ఉధ్నాకు చేరువలోని ఖటోదరా పారిశ్రామికవాడ ఆ సూరత్‌కు చెందినది. నేత, అద్దకం, ఎంబ్రాయిడరీ పనులకు దేశం నలుమూలల నుంచి మనుషులు అక్కడికి చేరారు. ఒడిశా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి, మహారాష్ట్ర నుంచి వచ్చినవారితో పాటు తెలంగాణ పద్మశాలీలూ వచ్చారు. షోలాపూర్‌కు, భివండీకి వెళ్లినట్లే చేనేత చితికిన కుటుంబాలు సూరత్‌కూ వెళ్లాయి. ఆ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నదంటే ఆ వలస ఏపాటిదో ఊహించవచ్చు.

మరమగ్గాల షెడ్డులో పక్కవాడి మాటే వినబడదు, ఇక పాట సంగతి చెప్పేదేముంది? మీటరు లెక్కన కూలి, పన్నెండు గంటల షిఫ్టు. పాట వినిపించేది షిఫ్టు ముగిశాక గదిలోనే, అదీ ఊరి నుంచి వచ్చిన క్యాసెట్టులో. ఆ క్యాసెట్టు ఇప్పుడు ఎక్కడున్నదన్న ప్రశ్న ఎవరూ వేయలేదు. అమెరికాలో ఇదే ప్రశ్నకు దొరికిన సమాధానం కొంత వివరంగా చెప్పుకోదగినది.

1930 దశకంలో ఓక్లహోమా తదితర రాష్ట్రాలలో నేల ఎండి, ధూళి తుపానులు రేగి, రైతు కుటుంబాలు కాలిఫోర్నియాకు కూలి పనికి తరలిపోయాయి. వారి వెంట నడిచిన గాయకుడు వుడీ గత్రీ. ఆయన ఆ వలసపై కట్టిన పాటలను విక్టర్ కంపెనీ 1940లో 'డస్ట్ బౌల్ బాలడ్స్' పేరుతో విడుదల చేసింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డు ఒక వైపున మూడు, నాలుగు నిమిషాలకు మించి పట్టని కాలమది. అందువల్ల మూడేసి రికార్డులతో రెండు సంపుటాలు తీయవలసి వచ్చింది. ఒక పాటను రెండు ముక్కలు చేసి రెండు వైపులా ఎక్కించారు. ఫొటోలు అంటించుకునే పుస్తకంలాగా అట్టలో కుట్టిన రికార్డుల కట్టకే ఆల్బం అని పేరు. నేడు ఒక్క డిస్కునూ అదే పేరుతో పిలుస్తున్నారు.

ఆ సంపుటాలు పెద్దగా అమ్ముడుపోలేదు. కొద్ది సంవత్సరాలకే అవి మార్కెట్టులో కరువయ్యాయి. మళ్లీ అచ్చు వేయడానికి విక్టర్ ముందుకు రాకపోవడంతో 1950లో ఫోక్‌వేస్ అధిపతి మోజెస్ యాష్ అనుమతి లేకుండానే ఆ పాటలను విడుదల చేశాడు. 1952లో అదే సంస్థ హ్యారీ స్మిత్ కూర్చిన 'ఆంథాలజీ ఆఫ్ అమెరికన్ ఫోక్ మ్యూజిక్' తెచ్చింది. ఆరు ఎల్‌పీలు, 84 పాటలు. అన్నీ 1920ల చివర, 1930ల తొలినాళ్లలో ఇతర కంపెనీలు రికార్డు చేసి మరచిపోయినవే. వాటికీ సరైన లైసెన్సులు లేవు. చట్టం కళ్లతో చూస్తే దీనిని దొంగ ముద్రణ అనక తప్పదు. 1960ల అమెరికన్ జానపద సంగీత పునరుజ్జీవనం మాత్రం ఈ దొంగ ముద్రణ మీదనే నిలబడింది. హక్కుదారుల అల్మారాలో పాట భద్రంగా ఉంటుందనే వాదనకు ఇంతకంటే గట్టి జవాబు అరుదు.

యాష్ 1986లో మరణించాడు. మరుసటి ఏడాది ఫోక్‌వేస్ భాండాగారం స్మిత్సోనియన్ సంస్థ చేతికి వచ్చింది. అందుకు ఒక షరతు ఉంది: రెండు వేలకు పైగా ఉన్న శీర్షికలలో ఏ ఒక్కటీ అలభ్యం కారాదు. అమ్ముడైనా, కాకపోయినా, అడిగినవాడికి దొరకాలి. ప్రజాధనంతో నడిచే సంస్థ ఈ షరతుకు తలవంచింది. హ్యారీ స్మిత్ సంకలనాన్ని అదే సంస్థ 1997లో, ఈసారి హక్కులు సరిచూసుకొని, ఆరు సీడీల పెట్టెగా వెలువరించింది.

నేటి అభిమానులు కొనుక్కునే పెట్టెలకు ఇదే నేపథ్యం. షికాగో బృందం విల్కో చరిత్ర చూస్తే ఈ కొనసాగింపు స్పష్టమవుతుంది. గత్రీ 1967లో మరణించేనాటికి బాణీ లేని పాటలు వందలాదిగా కాగితాలపై మిగిలాయి. ఆయన కుమార్తె నోరా గత్రీ వాటిని ఇంగ్లండ్ గాయకుడు బిల్లీ బ్రాగ్‌కు చూపింది. బ్రాగ్, విల్కో కలిసి వాటికి బాణీలు కట్టి 1998లో 'మెర్మెయిడ్ అవెన్యూ', 2000లో దాని రెండవ భాగం విడుదల చేశారు. గత్రీ శతజయంతి సంవత్సరమైన 2012లో మిగిలిన పాటలనూ చేర్చి మూడు సీడీలు, ఒక డీవీడీతో సంపూర్ణ సంపుటం వచ్చింది. 'యాంకీ హోటల్ ఫాక్స్‌ట్రాట్' కథలో మరొక మలుపు ఉంది. ఈ ఆల్బమును రిప్రైజ్ కంపెనీ తిరస్కరించగా, అదే వార్నర్ గొడుగు కింది నన్‌సచ్ 2002లో విడుదల చేసింది. అంటే ఒకే యజమాని ఒకే సరుకుకు రెండుసార్లు సొమ్ము చెల్లించాడు. పెట్టుబడి తెలివితేటలపై ఇంతకు మించిన వ్యాఖ్య అనవసరం. ఇరవై ఏళ్లకు వెలువడిన దాని పెద్ద పెట్టెలో 11 ఎల్‌పీలు. అప్పటివరకు బయటకు రాని 82 రికార్డింగులు. అందులో చిత్తుప్రతులు, సగంలో వదిలిన ప్రయత్నాలు కూడా ఉన్నాయి. వీరాభిమానుల మోజు అని దీనిని కొట్టివేయవచ్చు. అయితే చిత్తుప్రతిని ఇరవై ఏళ్లు దాచిన సమాజంలోనే ఆ మోజుకు ఆధారం దొరుకుతుంది.

తెలుగువారికి ఇటువంటి పెట్టెలు కొత్త కాదు. గ్రామఫోను కాలంలో పౌరాణిక నాటకాలు అనేక రికార్డుల సెట్లుగా వచ్చేవి. రాయబారాలు, పద్యాలు ఊరి పెద్దల ఇళ్లలో కీ ఇచ్చే యంత్రంపై తిరిగేవి. కంపెనీ దేనిని రికార్డు చేయాలో గిరాకీ నిర్ణయించేది. గిరాకీ ఎవరిదో గ్రామఫోను కొనగల స్తోమత నిర్ణయించేది. తెలంగాణ సాయుధ పోరాటంలో పుట్టిన పాటకు ఆ తలుపు తెరుచుకోలేదు. బండి యాదగిరి కట్టిన పాట కోట్లమందికి చేరింది కంపెనీ రికార్డుతో కాదు, దశాబ్దాల తరువాత 'మా భూమి' చిత్రంలో గద్దర్ గొంతుతో.

ఆ పాటకు తలుపు తెరిచినది క్యాసెట్టు. 1980లలో క్యాసెట్టు రాకతో హెచ్‌ఎంవీ గుత్తాధిపత్యం బద్దలైన వైనాన్ని పీటర్ మాన్యుయేల్ 1993 నాటి 'క్యాసెట్ కల్చర్'లో విశ్లేషించాడు. రెండు డెక్కుల యంత్రం ఒకటి ఉంటే ఎవరైనా ప్రచురణకర్తే. జన నాట్యమండలి పాట ఊళ్లకు, బస్తీలకు పాకింది ఆ దారినే. 1990లో చెన్నారెడ్డి ప్రభుత్వం నిర్బంధాన్ని సడలించినప్పుడు క్యాసెట్లు బాహాటంగా తిరిగాయి. 1992లో పీపుల్స్‌వార్‌పై నిషేధంతో మళ్లీ మూటల అడుగుకు చేరాయి. ఏ పాట ఏ రాత్రి ఏ ఊరిలో రికార్డయిందో, డోలు ఎవరు వాయించారో, కోరస్ ఎవరిదో ఆ టేపుల మీద రాసి ఉండదు. పేరు రాయడమే ప్రమాదమైన రోజులవి. గద్దర్ అనే పేరుకే మూలమైన గదర్ పార్టీ 1913లో అమెరికాలోని పంజాబీ వలస కూలీల నడుమ పుట్టింది. ఆ పార్టీ తన కవితలను 'గదర్ ది గూంజ్' పేరుతో అచ్చు వేసి పంచింది గనుక, బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించినా అవి మిగిలాయి.

గద్దర్ 2023 ఆగస్టు 6న కన్నుమూశారు. తెలంగాణ ప్రభుత్వం సినిమా పురస్కారాలకు ఆయన పేరు పెట్టింది. 2024లో అందెశ్రీ గీతం రాష్ట్రగీతమైంది. ఇవి సముచిత గౌరవాలే. కానీ పురస్కారంతో టేపు దక్కదు. పాటతో ఏర్పడిన రాష్ట్రమని చెప్పుకునే ప్రభుత్వం నుంచి స్మిత్సోనియన్ తలవంచినటువంటి షరతును అడగడం అత్యాశ కాదు. పని కూడా పెద్దదేమీ కాదు: ఇళ్లలో మిగిలిన క్యాసెట్లు సేకరించడం, వాటిని డిజిటల్ రూపంలోకి మార్చడం, కోరస్‌లో పాడినవారు బతికి ఉండగానే పేర్లు అడిగి రాసుకోవడం. ఈ సేకరణ హైదరాబాదుకే పరిమితమైతే సగం పనే అవుతుంది. షోలాపూర్, భివండీ, సూరత్ బస్తీలలోని ట్రంకు పెట్టెలనూ తెరిపించాలి. ఊళ్లో పోలీసు సోదాకు భయపడి పారవేసిన టేపు వలస వెళ్లిన బంధువు గదిలో మిగిలి ఉండే అవకాశం ఎక్కువ.

భారత కాపీరైటు చట్టం ప్రకారం శబ్దముద్రణపై హక్కు ప్రచురణ తరువాత అరవై ఏళ్లు ఉంటుంది. 1990లో వెలువడిన క్యాసెట్టు ఎవరి అనుమతీ లేకుండా అందరిదీ అయ్యేది 2051 జనవరి 1న. అయస్కాంత టేపుకు అంత ఆయుష్షు లేదు. గాలిలో తేమ ఎక్కువగా ఉండే సూరత్ వంటి తీర నగరంలో అసలే లేదు.