నవగుంజరం

పూరీ వెళ్లి వచ్చిన మనవారిలో నీలచక్రానికి చేతులెత్తి మ్రొక్కనివారు ఉండరు. రైలు దిగి పెద్దవీధిలో అడుగు పెట్టగానే గుడికంటె ముందు కంటబడేది అదే. అష్టధాతువులతో చేసిన ఆ చక్రం చుట్టుకొలత సుమారు 36 అడుగులంటారు. క్రింద నిలిచి చూచేవారికి మాత్రం అన్నం తినే కంచమంత కనిపిస్తుంది. ఆ చక్రపు వెలుపలి అంచున ఎనిమిది బొమ్మలున్నవి. ఎనిమిదీ ఒకే మృగానివి. అన్నీ పైనున్న ధ్వజం వైపే ముఖం పెట్టుకొని ఉన్నవి. నేలమీదనుండి ఎంత కళ్లు చికిలించినా అవి ఆనవు. ఆ మృగం పేరు నవగుంజరం.

పేరు వినగానే కుంజరమనుకొని, ఇది ఏనుగు కాబోలునని తొందరపడవద్దు. ఏనుగు ఇందులో ఒక కాలు మాత్రమే. పార్సిలాఫీసులో బిల్లు చేతబట్టుకొని సరుకు సరిచూచుకొన్నట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుదాం. తల కోడిపుంజుది. మెడ నెమలిది. వీపు మీద మూపురం ఎద్దుది. నడుము సింహానిది. తోక ఉండవలసినచోట పాము. కాళ్లు మూడే: ఒకటి ఏనుగుది, ఒకటి పులిది, ఒకటి లేడిదో గుర్రానిదో, ఇది వ్రాసే చిత్రకారుణ్ణి బట్టి మారుతుంది. ఇంతకు ఎనిమిది అయినవి. తొమ్మిదవది, నాలుగో కాలికి బదులుగా పైకెత్తిన మనిషి చెయ్యి. ఆ చేతిలో పద్మం గాని చక్రం గాని ఉంటుంది.

తొమ్మిది జీవాల ముక్కలు ఒకచోట కుట్టితే బొంత కావలసిందే గదా! కాని మంచి పటం ఒకటి దగ్గర పెట్టుకొని చూడండి. నెమలిమెడ వంపు మూపురంలోకి, మూపురం సింహపు నడుములోకి, నడుము పాములోకి ఒకే గీతగా జారిపోతుంది. ఇదిగో ఇక్కడ అతుకు అని వేలు పెట్టి చూపలేము. భయమూ అందమూ ఒక్క వంట్లో అట్లా ఇమిడినవి.

ఈ మృగం వ్యాసభారతంలో లేదు. మన నన్నయ, తిక్కన, ఎఱ్ఱనల భారతంలోనూ లేదు. 15వ శతాబ్దంలో ఒడియా భాషలో భారతం చెప్పిన సారళాదాసు గ్రంథంలో ఉన్నది. ఈయన అసలు పేరు సిద్ధేశ్వర పరిడా. ఊరు ఝంకడ్ ప్రాంతం, నేటి జగత్‌సింగ్‌పూర్ జిల్లాలోనిది. అక్కడి సారళాదేవిని కొలిచి సారళాదాసు అయినాడు. నన్నయభట్టు రాజరాజనరేంద్రుని ఆస్థానంలో కూర్చొని భారతం మొదలుపెట్టినాడు. సారళాదాసు నాగలి పట్టిన కుటుంబంవాడు. తన్ను తాను శూద్రముని అని చెప్పుకొన్నాడు. ఒడియావారు ఆయనను ఆదికవి అంటారు. ఆయన సంస్కృతాన్ని మాటకు మాట తెనిగించినట్లు ఒడియా చేయలేదు. కథలు తనవి చాలా చేర్చినాడు, పాదానికి ఇన్ని అక్షరాలని కట్టడి లేని దండి వృత్తంలో చెప్పుకుపోయినాడు. కోడి, ఎద్దు, పాము, నెమలి, ఏనుగు – ఇవి పొలం గట్టునా అడవి అంచునా బ్రతికే మనిషి నిత్యం చూచేవి. ఈ ఊహ గ్రంథాలు తిరగేసి పుట్టినది కాదని నాకు తోస్తుంది. ఒక్క సింహం మాత్రం ఒడిశా అడవిలో దొరకదు. అయితేనేం, కోణార్కలో ఏనుగుల నెక్కి తొక్కే రాతిసింహాలు కావలసినన్ని ఉన్నవి.

సారళాదాసు కాలంలో కటకాన్ని ఏలినవాడు కపిలేంద్ర గజపతి. 1435 ప్రాంతంలో సింహాసనమెక్కిన ఈ రాజు సేనలే గోదావరి, కృష్ణలు దాటి కొండవీడు, ఉదయగిరి దాకా వచ్చినవి. మన శ్రీనాథుని కడపటి కష్టాలకు ఒడ్డెరాజుల పన్నులే కారణమని చెప్పుకొంటారు. ఒకే రాజు నీడన అక్కడ ఒక కవి మృగాన్ని సృష్టిస్తూ ఉంటే ఇక్కడ ఒక కవి అప్పుల లెక్కలు చూచుకొంటున్నాడన్నమాట.

ఇక కథ. అర్జునుడు ఒక కొండమీద తపస్సు చేసుకొంటున్నాడు. ఎదుట ఈ మృగం వచ్చి నిలిచింది. అతడు అదివరకు చూచిన ఏ జంతువూ కాదది. భయపడినాడు, మళ్లీ చూపు త్రిప్పుకోలేకపోయినాడు. విల్లందుకొని బాణం ఎక్కుపెట్టినాడు. అప్పుడు ఆ చెయ్యి కనిపించింది. మృగానికి మనిషి చెయ్యి ఎక్కడిది? ఆ చేతిలో పద్మమెక్కడిది? ఇది విష్ణువు రూపమని, తన సఖుడైన కృష్ణుడేనని తెలిసి విల్లు క్రింద పడవేసి మ్రొక్కినాడు. కథ ఇంతే.

ఇది చదివినప్పుడల్లా నాకు మన కిరాతార్జునుల కథ గుర్తుకు వస్తుంది. అక్కడా అర్జునుడు తపస్సులోనే ఉన్నాడు. పంది వచ్చింది, బాణం వేసినాడు, కిరాతునితో బాణాలతో, కత్తితో, చివరకు పిడికిళ్లతో పోరినాడు. ఓడి, మట్టితో శివుణ్ణి చేసి పూలదండ వేస్తే ఆ దండ కిరాతుని తలమీద కనిపించింది. అప్పుడుగాని శివుడని తెలియలేదు. లేపాక్షి వీరభద్రాలయం కప్పుమీద 16వ శతాబ్దపు రంగులలో ఈ ఘట్టం ఉన్నది. రెండు కథలలోనూ దేవుడు వేషం వేసుకొని వచ్చినాడు, రెండింటిలోనూ గుర్తుపట్టడానికి ఒక్క ఆనవాలే దొరికింది. తేడా ఎక్కడ? కిరాతుణ్ణి గుర్తుపట్టేసరికి వళ్లంతా గాయాలు. నవగుంజరాన్ని గుర్తుపట్టేసరికి బాణం ఇంకా వింటిమీదనే ఉన్నది.

మన పిల్లలు ఇక్కడ బడిలో ఒడియా చదువుతారు, ఇంట్లో మన భారతం వింటారు. మా అమ్మాయి నవగుంజరం బొమ్మ చూచి మొదట అడిగిన ప్రశ్న, ‘‘నాన్నా, ఇది కూస్తుందా, గర్జిస్తుందా?’’ అని. రెండవ ప్రశ్న మరీ చిక్కుది: ‘‘నాన్నమ్మ చెప్పిన భారతంలో ఇది లేదే, ఏది నిజం?’’ పెద్దలు కొందరు అది వారి పుక్కిటి పురాణమని త్రోసివేస్తారు. నాకది నచ్చదు. మన భారతంలో మాత్రం తిక్కన పలికించిన ద్రౌపది అచ్చంగా వ్యాసుని ద్రౌపదేనా? ఏ దేశపు కవి ఆ దేశపు వెలుగులో భారతాన్ని చూచినాడు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురమూ పర్లాకిమిడీ ఇటు వచ్చినవి. వాటితోపాటు మనవారి వేలాది ఇళ్లూ వచ్చినవి. సారళాదాసు మనకు పొరుగువాడు కాడు, ఊరివాడే.

గంజాం జిల్లాకు ఈ మృగంతో మరొక చుట్టరికం ఉన్నది, అదీ పేకాటలో! గంజిఫా అనే గుండ్రని పేకను గురించి బాబరు 1527లో తన దినచర్యలో వ్రాసుకొన్నాడు. ఎనిమిది రంగులు, రంగుకు పన్నెండు, వెరసి 96 ముక్కలు. రంగుకొక రాజు, ఒక మంత్రి, తక్కినవి ఒకటి మొదలు పది. మన నిర్మల్‌లోనూ, మహారాష్ట్రంలో సావంతవాడిలోనూ ఈ పేక తయారయ్యేది. ఒడిశాలో దీనిని గంజపా అంటారు. పూరీ, గంజాం ప్రాంతాలలో చేసే ఒక రకం కట్టలో రాజు ముక్క మీద నవగుంజరం, మంత్రి ముక్క మీద అర్జునుడు! పురాణం గుడిలోనుండి అరుగు మీదికి వచ్చి కూర్చున్నది.

ఈ ముక్కలు చేసే పద్ధతి పటాలు చేసే పద్ధతే. పాతగుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అతికి, సుద్ద పూసి, ఎండబెట్టి, రాతితో నునుపు తేలేదాకా రుద్దుతారు. తెలుపు శంఖపు పొడితో, ఎరుపు ఇంగిలీకంతో, పసుపు హరిదళంతో, నలుపు దీపపుమసితో. పైన లక్క పూత. ఈ పని చేసే చిత్రకార కుటుంబాలే స్నానపూర్ణిమ తరువాత జగన్నాథుడు జ్వరపడి దర్శనమివ్వని పక్షం రోజులకు గుడిలో పెట్టే పటాలు కూడా వ్రాస్తారు. పూరీకి సుమారు 14 కిలోమీటర్ల దూరంలో రఘురాజపూర్ అనే ఊళ్లో వీధి పొడుగునా ఈ పనే. పేక ఆడేవారు తగ్గిపోయినారు, కొనేవారు మాత్రం పెరిగినారు. కొన్న ముక్కలు అరుగెక్కడం లేదు, గోడకెక్కుతున్నవి.

నవగుంజరాన్ని చూడదలచినవారికి నీలచక్రం దాకా మెడ సాచనక్కరలేదు. జగన్నాథాలయంలోనే ఉత్తరపు వైపున అర్జునుడూ ఈ మృగమూ ఉన్న శిల్పం ఉన్నది. తిరిగి వచ్చేటప్పుడు రఘురాజపూర్‌లో దిగితే, కట్ట మొత్తం కొనలేనివారు రాజు ఒకటి, మంత్రి ఒకటి, రెండే ముక్కలు అడిగి చూడండి. ప్రక్కప్రక్కన పెడితే చాలు, పిల్లలకు కథ చెప్పడానికి. అయితే అర్జునుడి చేతిలో విల్లు ఎక్కుపెట్టి ఉన్నదో, దించి ఉన్నదో చూచుకొని మరీ పుచ్చుకోండి.