రిజిస్టరుకెక్కిన రాక్షసులు

మేరీ షెల్లీ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ కథ సినిమాల వల్ల అందరికీ తెలిసినట్టే ఉంటుంది కానీ, నవల చదివినవాళ్ళు కూడా మర్చిపోయే ఘట్టం ఒకటుంది. శాస్త్రవేత్త పుట్టించి, మొహం చూడగానే భయపడి వదిలేసిన ఆ జీవికి నవలలో పేరు లేదు. ఫ్రాంకెన్‌స్టైన్ అన్నది పుట్టించినవాడి పేరు. ఊళ్ళోకి వెళ్తే జనం రాళ్ళతో తరిమారు కాబట్టి అతను (‘అది’ అని రాయడం నాకిష్టం లేదు) అడవుల్లో తిరుగుతుంటాడు. ఒకరోజు ఏట్లో పడి కొట్టుకుపోతున్న చిన్నపిల్లను ఒడ్డుకు లాగి, స్పృహ తెప్పించబోతాడు. ఇంతలో ఆ పిల్లతో వచ్చిన మనిషి పరిగెత్తుకొచ్చి పిల్లను లాక్కుంటాడు. వెనకాలే వెళ్ళిన అతన్ని తుపాకితో కాలుస్తాడు. చేతుల్లో పిల్ల ఉంది, మొహం వికారంగా ఉంది. ఎత్తుకుపోతున్నాడనుకోవడానికి అంతకన్నా ఏం కావాలి? అతను హత్య చేసేది దీని తర్వాతే. ఆ వరస నాకు ముఖ్యం.

నేను డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు సాహిత్యం చెప్తాను. ఉండేది పీర్జాదిగూడలో. 2018 మే నెలలో మా కాలనీ ఫోన్లలోకి కూడా ఆ వీడియోలు వచ్చాయి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని, ఆడవేషాల్లో వస్తున్నారని, ముష్టి అడిగే నెపంతో ఇళ్ళు చూసిపోతున్నారని. మగవాళ్ళు కర్రలు పట్టుకుని రాత్రిళ్ళు వీధి చివర కూర్చున్నారు. మే 26 రాత్రి, మా ఉప్పల్ వైపు నుంచి గంట ప్రయాణం కూడా లేని చాంద్రాయణగుట్టలో, గుంపు ఒక ట్రాన్స్‌జెండర్ స్త్రీని పిల్లల్ని ఎత్తుకుపోయే మనిషని కొట్టి చంపేసింది. ఆమెతో ఉన్నవాళ్ళను కూడా కొట్టింది. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ అచ్చయి అప్పటికి సరిగ్గా 200 ఏళ్ళు.

పత్రికలన్నీ వాట్సాప్‌ను తిట్టాయి. తిట్టాల్సిందే. కానీ ఆ అనుమానం వాట్సాప్ కన్నా చాలా పాతది. ఆ రాత్రికి అది మన రాష్ట్రంలో చట్టంగా కూడా ఉంది. ‘తెలంగాణ యూనక్స్ యాక్ట్, 1329 ఫస్లీ’ దాని పేరు. అంటే 1919 నాటిది. హిజ్రాలను ‘నపుంసకులు’గా లెక్కగట్టి, పిల్లల్ని అపహరిస్తారనో, అంగచ్ఛేదం చేస్తారనో, అసహజ నేరాలకు పాల్పడతారనో అనుమానమున్న వాళ్ళందరి పేర్లూ చిరునామాలూ ఒక రిజిస్టరులో ఎక్కించమంది. అనుమానం చాలు, నేరం రుజువు కానక్కర్లేదు. రిజిస్టరులో పేరున్న మనిషి ఆడబట్టలు కట్టుకునో, నగలు పెట్టుకునో వీధిలో కనిపించినా, ఆడినా పాడినా వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు. రెండేళ్ళ దాకా జైలు. పదహారేళ్ళలోపు మగపిల్లవాడు ఆ ఇంట్లో ఉన్నా అంతే శిక్ష. 1963లో ‘నర్తనశాల’ వచ్చినప్పుడు ఎన్టీఆర్ బృహన్నల వేషానికి మురిసిపోయిన హైదరాబాదులో ఈ చట్టం అమల్లోనే ఉందని తెలిసినప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. విరాటుడి కొలువులో పిల్లకు నాట్యం నేర్పినందుకు ఎవరూ బృహన్నల పేరు రిజిస్టరులో రాయలేదు.

నిజాం సర్కారు దీన్ని సొంతంగా ఆలోచించి చేయలేదు. బ్రిటిషువాళ్ళ 1871 నాటి నేరస్థ తెగల చట్టం రెండో భాగాన్ని దించుకుంది. ఆ భాగం వెనక కథ 1852లో, ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని మైన్‌పురిలో మొదలవుతుంది. భూరా అనే హిజ్రాను గొంతుకోసి చంపారు. ఆమె మాజీ ప్రియుడికి శిక్ష పడింది. అక్కడితో అయిపోవాలి. కానీ తెల్ల న్యాయమూర్తులు ఆ కేసునే పట్టుకుని, హిజ్రాలు పాలనకు లొంగని, నీతిలేని ముఠా అని తేల్చారు. చచ్చిపోయిన మనిషి, తన జాతి మొత్తం మీద సాక్ష్యమైపోయింది. ఈ చరిత్రను జెస్సికా హించీ అనే చరిత్రకారిణి 2019లో పుస్తకంగా తెచ్చింది. 1871 చట్టం రిజిస్టరుతో ఆగలేదు. పేరెక్కిన హిజ్రా దత్తత తీసుకోకూడదు, వీలునామా రాయకూడదు, ఎవరికీ ఏదీ దానమివ్వకూడదు అంది. అంటే గురువు నుంచి చేలాకు ఇల్లూ వాకిలీ వెళ్ళే దారి మూసేసింది. వాళ్ళ కుటుంబం నిలబడేదే ఆ దారిమీద.

ఈ రిజిస్టర్ల గురించి చదువుతున్నప్పుడు నాకు గాథిక్ నవలల నిర్మాణం గుర్తొస్తూనే ఉంటుంది. 1871 చట్టం వచ్చిన మరుసటేడే, 1872లో, షెరిడన్ లె ఫాను ‘కార్మిల్లా’ పుస్తకంగా వచ్చింది. ఆడపిల్లను ప్రేమించే రక్తపిశాచి కథ. చివర్లో మగపెద్దలంతా చేరి ఆమె సమాధి తవ్వి, గుండెలో మేకు దించి, తల నరుకుతారు. దానికి ప్రభుత్వ కమిషన్ నివేదిక కూడా ఉంటుంది, హాజరైనవాళ్ళందరి సంతకాలతో! పిశాచాన్ని చంపడానికి సంతకాలెందుకని మా విద్యార్థిని ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. 1897 నాటి ‘డ్రాక్యులా’ అయితే మొత్తం కాగితాలే. డైరీలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పత్రికా వార్తలు. వేటాడేవాళ్ళందరూ రాస్తారు. డ్రాక్యులా సొంత కథనం ఒక్క అధ్యాయం ఉండదు. ‘జేన్ ఐర్’లో పైగదిలో తాళం వేసి ఉంచిన బెర్తా మేసన్ నవ్వుతుంది, అరుస్తుంది, ఇంటికి నిప్పు పెడుతుంది, మాట మాత్రం ఆడదు. ఆమె గురించి చెప్పేదంతా భర్తే. ఆ తాళం తీయడానికి 1966లో జీన్ రిస్, 1979లో గిల్బర్ట్, గూబర్ రావలసి వచ్చింది.

పరాయివాణ్ణి రాక్షసుడిగా చేసేది మొహం కాదు, ఈ కాగితం. అందరూ ఆ మనిషి గురించి రాస్తారు, ఆ మనిషి రాయడానికి మాత్రం చోటుండదు. స్త్రీలకిది కొత్తగా చెప్పక్కర్లేదు. 1868లో ఇక్కడే అంటువ్యాధుల చట్టం పేరుతో వేశ్యల పేర్లు రిజిస్టరులో ఎక్కించి బలవంతపు వైద్య పరీక్షలు చేశారు. హిజ్రాలను ‘తేల్చడానికి’ కూడా వైద్య పరీక్షే. ఆ పుస్తకాలకూ ఈ పుస్తకాలకూ గీతలు గీసింది ఒకే చెయ్యి.

మేరీ షెల్లీ దగ్గర నేను ఆగిపోయేది ఇందుకే. నవల మొదలుపెట్టేనాటికి ఆమెకు 18 ఏళ్ళు. పెళ్ళికాకుండా షెల్లీతో వెళ్ళిపోయిందని తండ్రే మొహం చూడలేదు. మొదటి బిడ్డ కొద్దిరోజులకే పోయింది. వెలి అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. నవల నడిమధ్యలో, మంచుకొండల మీద, ఆ జీవిని కూచోబెట్టి అధ్యాయాలకు అధ్యాయాలు అతని చేతే చెప్పించింది. హత్యను కప్పిపుచ్చలేదు. చేయని హత్యకు ఉరికెక్కిన పనిపిల్ల జస్టిన్‌నీ వదల్లేదు. మతగురువు బెదిరిస్తే ఆ అమ్మాయి నేరం ఒప్పేసుకుంటుంది. కుటుంబం, కోర్టు, మతం ముగ్గురూ కలిస్తే నోరులేనిదాన్ని ఎంత తేలిగ్గా హంతకిని చేయొచ్చో ఆ ఒక్క విచారణలో ఉంది. 1994లో సుసాన్ స్ట్రైకర్ అనే ట్రాన్స్ చరిత్రకారిణి, ఆ కొండమీది జీవి గొంతును తన గొంతుగా చేసుకుని ఒక వ్యాసం రాసింది. రాక్షసి అన్న మాటను తిరిగి తానే తీసుకుంది.

మన దగ్గర ఆ గొంతు పిటిషన్ రూపంలో వచ్చింది. చాంద్రాయణగుట్ట హత్య జరిగిన 2018లోనే వైజయంతి వసంత మొగ్లి, మరి ఇద్దరు ఈ చట్టాన్ని హైకోర్టులో సవాలు చేశారు. బ్రిటిష్ ఇండియా తన చట్టంలోని ఆ భాగాన్ని 1911లోనే తీసేసింది. నేరస్థ తెగల చట్టం మొత్తం 1952లో రద్దయింది. ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద సుప్రీంకోర్టు నల్సా తీర్పు 2014లో వచ్చింది. మన ఫస్లీ చట్టం మాత్రం నిజాం పోయినా, హైదరాబాదు రాష్ట్రం పోయినా, ఆంధ్రప్రదేశ్ విడిపోయినా పేరు మార్చుకుంటూ బతికింది. 2023 జులైలో హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఆసరా పింఛన్లు ఇవ్వమని, విద్యా ఉద్యోగాల్లో రిజర్వేషన్లు కల్పించమని కూడా చెప్పింది. మూసీ ఒడ్డున ఆ తీర్పు వచ్చిన భవనం, ఆ చట్టం, దాదాపు ఒకే ఈడువి.

2024 డిసెంబరులో 39 మంది ట్రాన్స్‌జెండర్లు హైదరాబాదు ట్రాఫిక్ విభాగంలో చేరారు. ఏ వీధిలో కనిపిస్తే అరెస్టు చేయమన్నారో ఆ వీధిలోనే యూనిఫాంలో నిలబడ్డారు. కానీ డ్యూటీ దిగాక ఎక్కడికెళ్ళాలి? మా పీర్జాదిగూడలో గేటుకు టు-లెట్ బోర్డు లేని సందు అరుదు. గృహప్రవేశానికి హిజ్రాలొచ్చి దీవిస్తే మంచిదని నోట్లు చేతిలో పెట్టే ఇళ్ళే అవన్నీ. అదే చెయ్యి గది అద్దెకు అడిగితే జవాబు ఒకటే ఉంటుంది: “ఇంట్లో చిన్నపిల్లలున్నారమ్మా.”