గోడకు పూసిన మాటలు

సౌధం అనగానే మనకు ఎత్తయిన భవనం గుర్తుకు వస్తుంది. ఆ మాటకు మూలం మాత్రం సున్నం. సంస్కృతంలో ‘సుధ’ అంటే అమృతమే కాదు, సున్నం కూడా. సున్నం పూసిన ఇల్లు కనుక సౌధం. తమిళనాట గోపురాల మీది గారబొమ్మలను ‘సుదై’ బొమ్మలు అనడం కూడా దీన్నుంచే. బెంగుళూరులో 1956లో పూర్తయిన విధాన సౌధను రాతితో కట్టారు. పేరులో మాత్రం సున్నం ఉండిపోయింది.

‘సున్నం’ అన్నది ‘చూర్ణం’ నుంచి వచ్చింది. కన్నడిగుల సుణ్ణ, తమిళుల సుణ్ణాంబు, మరాఠీవారి చునా దీనికి తోబుట్టువులు. ఇంగ్లీషువారు దాన్నే ‘చునాం’ అన్నారు. మద్రాసు ఇళ్ళ గోడలు పాలరాయిలా మెరవడం చూసి వారు అబ్బురపడ్డారు. ఆ మెరుపు గుల్లసున్నానిది, గుడ్డు తెల్లసొనది, రాతితో గంటల తరబడి మెరుగుపెట్టిన చేతులది. మధురలో తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలు ఈ సున్నపు పనికి పెద్ద సాక్ష్యం.

మన గార కన్నడంలో గారె, తమిళంలో కారై. కన్నడనాట తాపీపనిని ఇప్పటికీ ‘గారె కెలస’ అంటారు. మన ‘పూత’ తమిళంలో ‘పూచ్చు’. మన ‘వెల్ల’ వారి ‘వెళ్ళై’. ఇవి ఇంటి మాటలు. గచ్చు మాత్రం పారసీ ‘గచ్’ నుంచి వచ్చిన చుట్టం. మనం గచ్చు మీద కూర్చుంటాం. మరాఠీవారు గచ్చీ మీద ఆరబోస్తారు, వారికి అది డాబా. ఒకే మాట ఒక ఇంట నేల, మరో ఇంట కప్పు! మరాఠీ గిలావా, తెలంగాణా గిలాబు కూడా పారసీ సంతానమే. ఆ భాషలో ‘గిల్’ అంటే మట్టి. ఇక ‘మేస్త్రి’ పోర్చుగీసు ఓడ దిగి అన్ని భాషల్లోనూ కాపురం పెట్టాడు.

తాపీ కొందరికి ఇంటిపేరు కూడా అయింది. తాపీ ధర్మారావు గారు 1887లో పుట్టింది నేటి ఒడిశాలోని బరంపురంలోనే.

పోరుబందరులో 1914లో సిమెంటు తయారీ మొదలైంది. ఆ తర్వాత క్రమంగా గానుగలు ఆగిపోయాయి. ఇసుకా సున్నం గానుగలో రుబ్బి, కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపే పని అరుదైపోయింది. ఇంటి అప్పుకోసం బ్యాంకుకు వచ్చే అంచనా కాగితాల్లో ఇప్పుడు ఉండేది ఒక్కటే మాట: ప్లాస్టరింగు.

ఇది మాటల బెంగ మాత్రమే అయితే సర్దుకుపోవచ్చు. కాని సున్నపు గోడ చెమ్మను పీల్చి వదులుతుంది. దానిపై సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కి ఇటుక పొడి అవుతుంది, పూత పెచ్చులూడుతుంది. మనవాళ్ళు పరాయి రాష్ట్రాల్లో కట్టుకున్న సత్రాలకు, భజనమందిరాలకు మరమ్మతు చేసేటప్పుడు ‘గానుగ సున్నం కావాలి’ అని అడగగలిగినవాడు ఒక్కడైనా ఉండాలి. మాట తెలియనివాడు వస్తువును ఎలా అడుగుతాడు? మీ ఊళ్ళో పాత మేస్త్రి ఉంటే ఆయన నోట ఉన్న పనిమాటలు, పక్క భాషలో వాటి పేర్లతో సహా రాసి ఉంచండి. గోడ నిలవడానికి అది కూడా ఒక పూతే.