ముందు సగం

ఆర్టీసీ బస్సు ఎక్కిన తెలుగువాళ్ళంతా చూడకుండా అప్పజెప్పగలిగిన వాక్యం ఒకటుంది. "స్త్రీలను గౌరవిద్దాం. వారికి కేటాయించిన సీట్లలో వారిని కూర్చోనిద్దాం." చదివీ చదివీ అర్థం అరిగిపోయిన వాక్యమిది. అదే బస్సులో మిగతా రాతలు కూడా చూడండి. పొగ త్రాగరాదు. చేతులు, తల బయట పెట్టరాదు. టికెట్ లేని ప్రయాణం నేరం. అన్నీ కచ్చితంగా మాట్లాడతాయి. స్త్రీల సీట్ల దగ్గరికి వచ్చేసరికి గొంతు మెత్తబడుతుంది. నేరం లేదు, రాదు లేదు, "ఇద్దాం" మాత్రం ఉంది. ఈ "ఇద్దాం"లో ఉన్న మనం ఎవరం? స్త్రీలు కారు. వాళ్ళు ఆ వాక్యంలోనే "వారు" అయిపోయారు. అంటే బస్సు మగవాళ్ళతోనే మాట్లాడుతోంది. బస్సు వాళ్ళది, అందులో కొన్ని సీట్లు వాళ్ళ పెద్దమనసు మీద ఆధారపడి ఉన్నాయి.

హక్కుని మర్యాదగా రాస్తే ఏమవుతుందో బస్సెక్కే ఆడవాళ్ళకి తెలుసు. "ఇది లేడీస్ సీటండీ" అన్న ప్రతిసారీ మనదేదో మనం అడుగుతున్నట్టుండదు, ఎదుటివాడి సంస్కారాన్ని శంకిస్తున్నట్టుంటుంది. లేస్తే అతను మంచివాడు. లేవకపోతే ఆ రాత ప్రకారం తప్పు చేసినవాడేం కాడు, కాస్త మొరటువాడు, అంతే. "సమానత్వం కావాలంటారు, సీట్లు మాత్రం వేరే కావాలంటారు" అనే మాట నేను 1980ల్లో విన్నాను, మెట్రో రైల్లోనూ విన్నాను. మాట అన్నవాళ్ళు మారారు గానీ మాట మారలేదు.

మర్యాద అంటే సంస్కృతంలో హద్దు, పొలిమేర అనే అర్థం కూడా ఉంది. తెలుగులో అది సభ్యత అయింది గానీ పాత అర్థం ఎక్కడికీ పోలేదు. "మర్యాదగా లే" అన్నప్పుడు ఏ అర్థం పలుకుతుందో చెప్పనక్కర్లేదు.

హైదరాబాదు మర్యాదల గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. తహజీబ్ అనగానే దేవిడీలు, ముషాయిరాలు, వంగి చేసే ఆదాబ్‌లు గుర్తొస్తాయి. ఆ జ్ఞాపకాలన్నిటిలో స్త్రీలు ఎక్కువగా పరదా వెనకే ఉంటారు. కలిగిన ఇళ్ళ ఆడవాళ్ళ ప్రయాణం అంటేనే తెర. బగ్గీకి తెర, రిక్షాకి తెర, కారు అద్దానికీ తెర. తెర లేకుండా నడిచి వెళ్ళే స్త్రీలు ఊరి నిండా ఉండేవాళ్ళు. కూరగాయల బుట్టలతో, గడ్డి మోపులతో, ఇటుకల తట్టలతో తిరిగేవాళ్ళు. తహజీబ్ వాళ్ళని లెక్కలోకి తీసుకోలేదు.

ఇలాంటి ఊళ్ళోకి 1932 జూన్‌లో సర్కారు బస్సు వచ్చింది. నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ పెట్టి 27 బస్సులతో మొదలుపెట్టారు. ప్రభుత్వమే బస్సులు నడపడం మన దేశంలో అప్పటికి కొత్త. 1951లో ఆ శాఖ రైల్వే నుంచి విడిపోయి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అయింది. ఇదంతా ఆర్టీసీ చరిత్ర చెప్పే ఎవరైనా చెప్పేదే. దానితోపాటు ఇంకో ముచ్చట చెప్తారు. ఆర్టీసీ బస్సుల నంబర్లలో కనిపించే "జెడ్" ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరులోని మొదటి అక్షరమట. తల్లి మీద ప్రేమతో కొడుకు పెట్టుకున్న గుర్తు అని మురిపెంగా చెప్తారు. పరదా దాటని ఒక బేగం పేరు పొడి అక్షరమై ఊరంతా తిరగడం మర్యాదే, కాదనను. అయితే ఆ బస్సులో ఎక్కిన మామూలు ఆడది ఎక్కడ నిలబడింది, ఎవరి పక్కన కూర్చుంది, టికెట్ డబ్బులు ఎలా ఇచ్చింది అనేవి ఆ ముచ్చట్లలో ఉండవు. కాబట్టి ఇక్కడి నుంచి నేను చూసిందే నాకు ఆధారం.

నేను చూసిన బస్సు 1980ల నాటిది, సికింద్రాబాదు నుంచి కోఠీ వెళ్ళేది. కోఠీలో ఉమెన్స్ కాలేజీ స్టాపు నాది. 1924లో మొదలై, 1949లో పాత బ్రిటిష్ రెసిడెన్సీలోకి వచ్చిన కాలేజీ అది. పొద్దున తొమ్మిదింటికి ఆ స్టాపులో దిగే అమ్మాయిలను చూస్తే బస్సు లేకపోతే ఇందులో ఎంతమంది చదువు ఆగిపోయేదో అనిపించేది. ఆడపిల్లల ఉన్నతవిద్య గురించి రాసేటప్పుడు సంస్కర్తల పేర్లు రాస్తాం, జీవోలు రాస్తాం. స్టూడెంట్ పాస్ గురించి ఎవరూ రాయరు.

సిటీబస్సులో ముందు తలుపు ఆడవాళ్ళది, వెనక తలుపు మగవాళ్ళది. మధ్యలో గోడేం లేదు, కండక్టరు గొంతే గోడ. "లేడీస్ ముందుకు జరగండమ్మా, ఆగే బఢో" అంటూ ఉండేవాడు. ఆ ముందు సగంలో జరిగేవాటికి ఏ రాతా లేదు, ఏ నియమమూ లేదు. కూర్చున్నామె నిలబడ్డామె చేతిలోని బ్యాగు, పుస్తకాలు, టిఫిను డబ్బా అడక్కుండానే అందుకుని ఒళ్ళో పెట్టుకునేది. ఒక్కోసారి ఒళ్ళో నాలుగు బ్యాగులు, వాటి మీద ఎవరిదో పిల్లాడు. ఆ తల్లి మొహం కూడా ఈమె సరిగ్గా చూసి ఉండదు. ఇద్దరి సీటులో మూడో ఆమె కోసం సర్దుకోవడం మామూలు. డ్రైవరు పక్కన ఇంజను బానెట్ మీద కూడా ఆడవాళ్ళే కూర్చునేవాళ్ళు. వేసవిలో అది కాలిపోతుండేది. కింద చున్నీ మడిచి వేసుకుని, ఒకరు కాసేపు కూర్చుని లేచి ఇంకొకరిని కూర్చోబెట్టేవాళ్ళు. ఇంజను వెనక్కి పోయిన లోఫ్లోర్ బస్సులు వచ్చాక ఆ బానెట్ పోయింది. దాని కోసం నేనేమీ బెంగపెట్టుకోలేదు.

డబ్బులు ఎలా చేరేవో చెప్పాలి. కండక్టరు వెనకెక్కడో మనుషుల్లో ఇరుక్కుని ఉండేవాడు. ముందు నుంచి రూపాయో రెండో బయల్దేరి పది చేతులు మారి అతన్ని చేరేది. "కాచిగూడ ఒకటి" అన్న మాట కూడా నోటినుంచి నోటికి దానితోపాటే వెళ్ళేది. టికెట్టూ చిల్లరా అదే దారిలో వెనక్కి వచ్చేవి. ఇన్నేళ్ళలో నా చిల్లర దారిలో పోయింది ఒక్కసారి కూడా లేదు. చిల్లర లేనప్పుడు కండక్టరు టికెట్ వెనక రాసిచ్చేవాడు. లేదా ముక్కూమొహం తెలియని ఇద్దరికీ కలిపి ఒక నోటు చేతిలో పెట్టి "దిగాక పంచుకోండమ్మా" అనేవాడు. ఆ నోటు విడిపించుకోవడానికి ఇద్దరూ కలిసి ఏ అరటిపళ్ళ బండి దగ్గరికో నడవాలి. నాకు తెలిసిన ఒక స్నేహం అలా మొదలై ఇరవై ఏళ్ళు నడిచింది.

పిన్నీసు గురించి చెప్పకుండా ఈ మర్యాదల గురించి రాయడం కుదరదు. చీర కుచ్చిళ్ళు ఊడితే, చెప్పు పట్టీ తెగితే, ఎవరో ఒకరు గాజుల్లోంచి పిన్నీసు తీసి ఇచ్చేవాళ్ళు. తిరిగి అడిగేవాళ్ళు కాదు. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చినప్పుడూ ఆ పిన్నీసే. "నీ వెనకున్నవాడు మంచోడు కాదు, ఇటు రా చెల్లే" అని ఒక ముసలామె నా జబ్బ పట్టి లాగి, నేను నిలబడ్డ చోట తను నిలబడింది. నన్ను తన చోట పెట్టి నా చోటు తను తీసుకోవడం... దీన్ని మర్యాద అనాలా, ఇంకేమైనా అనాలా? మగవాడు లేచి సీటిస్తే అతనికి పోయేది కాసేపటి సుఖం. ఆమె తీసుకున్నది అంతకన్నా చాలా ఎక్కువ. గోడమీద రాత మొదటిదాన్నే గౌరవం అంది.

అయితే ఈ ముందు సగాన్ని పుట్టింటి వసారాలా చిత్రిస్తే అబద్ధమవుతుంది. అక్కా, చెల్లే, అమ్మా, ఆపా, ఆంటీ అనే పిలుపులన్నీ అందరికీ సమానంగా దక్కలేదు. పొద్దున మొదటి బస్సులో వచ్చే మున్సిపాలిటీ సఫాయి స్త్రీల పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడే ప్రయాణం చేసిన ఉద్యోగినులను నేను చూశాను. బ్యాగు ఒళ్ళో పెట్టుకునేవాళ్ళు చేపల బుట్టని కాళ్ళ దగ్గర కూడా పెట్టనిచ్చేవాళ్ళు కాదు. బుట్ట ఉన్నామెని కండక్టరు "లగేజీ" అని దించేస్తుంటే, నా చిల్లరని అంత భద్రంగా చేరవేసిన ఆ చేతులు కదిలేవి కావు. ఎదురుగా ఉన్నామెని "ఏమ్మా" అనాలో "ఏమండీ" అనాలో చీరని బట్టి, మెడలోని గొలుసుని బట్టి అరక్షణంలో తేల్చేసేవాళ్ళం. ఊళ్ళో మతకలహాల తర్వాత కొన్నాళ్ళు బురఖాలు ఒక వరసలో, బొట్లు ఒక వరసలో కూర్చునేవి. మళ్ళీ కలిసేది ఎప్పుడంటే, ఏ పసిపిల్లో ఏడుపు ఆపనప్పుడు. హిజ్రా ఎక్కితే ముందు సగం వెనక్కి, వెనక సగం ముందుకి చూసేది. తలుపులు రెండే ఉన్న బస్సు అది. మర్యాదకి హద్దు అనే అర్థం ఆడవాళ్ళ మధ్య కూడా ఉంది.

1990ల రెండో సగంలో ఆర్టీసీలోకి మహిళా కండక్టర్లు వచ్చారు. మొదట్లో వాళ్ళ పట్ల మగ ప్రయాణికుల మర్యాద ఎలా ఉండేదో రాయడానికి ఇంకో వ్యాసం కావాలి. ఒక్కటే చెప్తాను. "సీటు ఖాళీ చెయ్యండి, అది లేడీస్ సీటు" అనే మాటని కాకీ చొక్కా వేసుకున్న స్త్రీ అన్నప్పుడు అది విన్నపంలా వినిపించలేదు. గోడమీద "ఇద్దాం" అని ఉన్నా ఆమె నోట "లేవండి" అని వచ్చింది.

తర్వాతి మార్పులు తొందరగానే జరిగాయి. 2003లో ఎమ్ఎమ్‌టిఎస్ రైళ్ళు, వాటిలో లేడీస్ పెట్టెలు. 2012 డిసెంబరులో ఢిల్లీ బస్సులో జరిగిన దారుణం తర్వాత భద్రత అనే మాట మర్యాద అనే మాటని పక్కకి నెట్టింది. 2014 అక్టోబరులో షీ టీమ్స్ వచ్చాయి. 2017 నవంబరులో మెట్రో వచ్చింది. మెట్రోలో మర్యాదని రికార్డు చేసిన గొంతు మూడు భాషల్లో చెప్తుంది. చల్లగా ఉంటుంది, ఒంటిమీద చెయ్యి పడే భయం తక్కువ. చేతులు మారే డబ్బు లేదు కాబట్టి పక్కవాళ్ళతో మాట్లాడాల్సిన పనీ లేదు. నేను దీన్ని తిట్టను. రాత్రి తొమ్మిదికి ఆఫీసు నుంచి ఒంటరిగా వచ్చే అమ్మాయికి నా పాత బస్సు కబుర్లకన్నా ఆ చల్లటి పెట్టె ఎక్కువ ఉపయోగం.

2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైంది. రాష్ట్రంలోని స్త్రీలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్‌తో వెళ్ళొచ్చు. 2025 జూలై నాటికి అలాంటి ప్రయాణాలు 200 కోట్లు దాటాయని లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో 2025 ఆగస్టు 15న మొదలుపెట్టారు. ముందు సగం అన్న లెక్క దీనితో పోయింది. కొన్ని వేళల్లో బస్సు వెనక మెట్టు దాకా ఆడవాళ్ళే. తొంభై ఏళ్ళ బస్సు చరిత్రలో, గోడమీద "మనం" అన్న మాట తమదేనని స్త్రీలు అనుకోవడానికి వీలైన మొదటి సందర్భం ఇదేననిపిస్తుంది.

వెంటనే వీడియోలు మొదలయ్యాయి. సీటు కోసం జుట్లు పట్టుకున్న ఆడవాళ్ళ వీడియోలు ఫోన్లలో తిరిగాయి. "ఫ్రీ కదా, అందుకే" అన్న నవ్వు వాటి వెంట నడిచింది. బస్సులో వెల్లుల్లి ఒలుస్తున్న స్త్రీల వీడియో 2024 ఆగస్టులో ఏకంగా రాష్ట్ర రాజకీయాల్లో చర్చ అయి కూర్చుంది. వెల్లుల్లి ఒలవడం వింతట! బస్సుల్లో స్వెట్టర్లు అల్లిన టీచర్లని, చిక్కుడుకాయలు ఈనెలు తీసిన గుమాస్తాలని, పూలు కట్టుకుంటూ వచ్చిన ఆడవాళ్ళని నేను నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. ఇంట్లో పని మిగిలిపోతుందనే బెంగ ప్రయాణంలో కూడా వదలదు. అప్పుడు ఎవరి చేతిలోనూ కెమెరా లేదు. సీట్ల కోసం కొట్లాటలూ కొత్తవి కావు. బస్సులు పెంచకుండా మనుషులను పెంచితే ఎవరైనా తోసుకుంటారు. మగవాళ్ళు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ పోట్లాడుకున్నప్పుడు దాన్ని రద్దీ అన్నారు. ఆడవాళ్ళు పోట్లాడుకుంటే సంస్కారం గురించి మాట్లాడుతున్నారు.

"మేం డబ్బులు పెట్టి నిలబడాలా?" అని నిలదీసే మగవాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. నిలబడటం కష్టమే. ఆ కష్టానికి జవాబు ఇంకో బస్సు. "ఊరికే వచ్చింది కదా, నువ్వు లే" అని ఒక పనిమనిషిని లేపడం కాదు. పొద్దున నాలుగిళ్ళు తుడిచి ఐదో ఇంటికి వెళ్తున్న ఆమె మోకాళ్ళకి టికెట్ ధర తెలియదు.

జీరో టికెట్‌తో ఇంకో మార్పు కూడా వచ్చింది. ఈ రాష్ట్రం మనిషినని చూపించడానికి ఆధార్ లాంటి గుర్తింపు కార్డు కావాలి. కిక్కిరిసిన బస్సులో కండక్టరు దాకా వెళ్ళలేనివాళ్ళు పూర్వం డబ్బులు పంపినట్టే ఇప్పుడు కార్డు పంపుతున్నారు. అదే దారి, అవే చేతులు. అయితే రూపాయి మీద మన పేరు ఉండేది కాదు. అది ఎవరిదో, ఏ కులానిదో, ఏ మతానిదో మోసే చేతికి తెలిసేది కాదు. కార్డు మీద పేరుంది, ఫోటో ఉంది, వెనకవైపు చిరునామా ఉంది. చేతులు మారేటప్పుడు కళ్ళు దాని మీద పడుతున్నాయి. ఒకామె చదివి, తలెత్తి, కార్డు వచ్చిన వైపు చూడటం నేను గమనించాను. బస్తీ పేరు చదివినప్పుడు మొహం ఎలా మారుతుందో కూడా చూశాను.

ఈమధ్య కొందరు కార్డుని బోర్లా తిప్పి, చిరునామా మీద బొటనవేలు అడ్డంపెట్టి పక్కామెకి అందిస్తున్నారు. అందుకున్నామె కూడా దాన్ని అలాగే, బోర్లానే, ముందుకు అందిస్తోంది.