భావార్థక కృత్తులు – గోదావరి మాగాణి

ధాతువుపై ప్రత్యయమును చేర్చి నామమును సాధించుట పెక్కు భాషలయందు కలదు. ఆంగ్లమున 'ఇంగ్' ప్రత్యయము దాదాపు ప్రతి ధాతువునకును చేరును. లాటిను, ఫ్రెంచి భాషలనుండి వచ్చిన 'షన్', 'మెంట్' అనునవి కొన్నింటికే చేరును. తెలుగునందును ఇట్టి విభాగమే కనబడును. 'ట', 'అడము' అనునవి సర్వసాధారణములు. 'త', 'పు', 'ఇక', 'దల', 'అకము' మొదలగునవి పరిమితములు. అయితే మన పరిమిత ప్రత్యయములు అరువు సొమ్ము కావు, దేశ్యములే.

11వ శతాబ్దిలో రాజమహేంద్రవరమున నన్నయభట్టు భారతమును ఆంధ్రీకరించిన నాటికే 'ట' వర్ణకము కావ్యభాషలో నెలకొనియున్నది. 1858లో వెలువడిన బాలవ్యాకరణమున చిన్నయసూరి కృదంతములకు ప్రత్యేక పరిచ్ఛేదమునే కేటాయించెను. తరువాత గ్రాంథిక వ్యావహారిక వివాదము చెలరేగినది. కోనసీమలోని ముక్తేశ్వరమున జన్మించిన జయంతి రామయ్య పంతులుగారు గ్రాంథిక పక్షమునకు నాయకులైరి. 1911లో చెన్నపట్టణమున స్థాపితమైన ఆంధ్రసాహిత్యపరిషత్తు తరువాత కాకినాడకు తరలివచ్చెను. వ్యావహారిక భాషకై 1919లో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారి అధ్యక్షతన ఒక సమాజము వెలసెను. గిడుగు రామమూర్తి పంతులుగారు 1936లో ఈ నగరమునకే వచ్చి స్థిరపడిరి. 'చేయుట' యా, 'చేయడం' ఆ అను ప్రశ్న ఆ వివాదమునకు ఒక గురుతువంటిది.

కాని యీ రెండును వ్యాపారమాత్రమును చెప్పును. 'నడచుట' యన్నను 'నడవడం' అన్నను అర్థమొకటే. 'నడక' గతివిశేషము, 'నడత' శీలము. పరిమిత ప్రత్యయము క్రియను ఒక వస్తువుగానో, గుణముగానో, కాలముగానో నిలుపును. ఏ పక్షము నెగ్గినను ఈ సంపదకు లాభనష్టములు లేవు. అందుచేతనే కాబోలు, దీనిపై చూపు తగినంతగా నిలువలేదు.

ఈ సంపద గోదావరి మాగాణిలో నేటికిని సజీవము. 'ఊడ్చు', 'నూర్చు' ధాతువులనుండి ఊడ్పులు, నూర్పులు. 'కోయు' నుండి కోత. 'కోతలనాడు' అన్నచో కాలము. 'గట్టు కోత' అన్నచో ఏటివలన కలుగు నష్టము. 1847–1852 నడుమ కాటన్ ధవళేశ్వరమున ఆనకట్ట నిర్మించిన పిమ్మట కాలువలు విస్తరించినవి. వాని త్రవ్వకము, వానిలోని పూడిక, ఏటేట పూడికతీత: మూడు ప్రత్యయములు ఒక్క కాలువలోనే యున్నవి. ఆంగ్లమున 'ఇరిగేషన్' తడుపువాని పనిని చెప్పును. మన 'నీటిపారుదల' పారెడి నీటి పక్షమునుండి చెప్పును. ఇది అనువాదమైనను దాస్యము కాదు.

నేడు కార్యాలయములలోను పాఠ్యగ్రంథములలోను 'పూడికను తొలగించడం జరిగినది' వంటి వాక్యములు ప్రబలుచున్నవి. సర్వసాధారణ ప్రత్యయము సులభమగుటచే దానినే వాడుచు, ఒక్క పదముతో తీరు పనికి మూడు పదములు వెచ్చించుచున్నాము. వాడుక తగ్గిన ప్రత్యయము క్రమముగా కొత్తపదములను కనుట మానును. కావున పారిభాషికపద నిర్మాతలు నిఘంటువులతోపాటు పొలముగట్టును, కాలువగట్టును పరిశీలింపవలెను. అచ్చట కృత్తులు సూత్రములకై వేచియుండక తమ పని తాము చేయుచున్నవి.