నేటాల్‌లోనే ఎందుకు?

దక్షిణాఫ్రికాలోని భారతీయ సంతతివారిలో సగానికి పైగా ఇప్పటికీ క్వాజులు-నేటాల్‌లోనే ఉన్నారు. కొండలు దాటితే వచ్చే ఫ్రీ స్టేట్‌లో వాళ్లు బహు కొద్దిమంది. కారణం అడిగితే అందరూ చెరకు తోటలనే చూపిస్తారు. నిజమే, 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 దాకా లక్షా యాభై వేలకు పైగా ఒప్పంద కూలీలు అక్కడ దిగారు. వాళ్లలో విశాఖపట్నం, గంజాం జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. కానీ చెరకు వాళ్లను ఆ తీరానికి తెచ్చిందే గాని, అక్కడ కట్టిపడేసింది చట్టం.

పని ఉన్నచోటికే జనం పోయేట్టయితే 1886లో బంగారం బయటపడ్డ ట్రాన్స్‌వాల్‌కు వాళ్లెందుకు తరలిపోలేదు? 1904 నుంచి అక్కడి గనులకు కూలీలు చాలక అరవై వేలకు పైగా చైనీయులను తెప్పించి, 1910 నాటికి తిప్పి పంపేశారు. చేతులు కావాలి, మనుషులు మాత్రం నిలిచిపోకూడదు. భారతీయులకు కేటాయించిన పేటల్లో తప్ప స్థిరాస్తి ఉండరాదని ట్రాన్స్‌వాల్ 1885లోనే చట్టం చేసింది. 1891లో ఆరెంజ్ ఫ్రీ స్టేట్ వాళ్ల వ్యాపారాన్నీ సేద్యాన్నీ కూడా నిషేధించింది. నేటాల్ అయినా ఊరకే ఉండనివ్వలేదు. ఒప్పందం తీరాక స్వేచ్ఛగా బతకాలంటే ఏటా మూడు పౌన్లు కట్టాలని 1895లో శాసనం చేసింది. కట్టలేనివాడు మళ్లీ తోటలోకే పోవాలి, లేదా ఓడెక్కాలి.

అయినవాళ్లు, గుడి, భాష ఉన్నచోటే మనిషి ఉండిపోతాడు, ఇందులో చట్టం పాత్ర ఎంతని అడగవచ్చు. ఆ బంధాల బలం నేను కాదనను. అయితే నేటాల్, ట్రాన్స్‌వాల్‌ల మధ్య సరిహద్దు వాళ్లకు ఎంత వాస్తవమో 1913 నవంబరు 6న తేలింది. ఉత్తర నేటాల్ బొగ్గు గనుల కార్మికులతో సహా రెండు వేలకు పైగా పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు గాంధీ వెంట చార్లెస్‌టౌన్ నుంచి ట్రాన్స్‌వాల్‌లోకి నడిచారు. మనిషికి రోజుకు పౌనున్నర రొట్టె, ఔన్సు చక్కెర. వాళ్లు కోరింది మూడు పౌన్ల పన్ను రద్దు. అనుమతి లేకుండా గీత దాటడమే నేరం గనుక దాటడమే ఆయుధమైంది. 1914లో పన్ను పోయింది, గీత పోలేదు. రాష్ట్రం దాటడానికి అనుమతి చూపాల్సిన నిబంధన 1970ల దాకా, ఫ్రీ స్టేట్ నిషేధం 1980ల దాకా సాగాయి. 1931లో అక్కడి తెలుగువాళ్లకు పుట్టిన ఆంధ్ర మహాసభ లాంటి సంఘాలు నేటాల్‌లో వేళ్లూనింది ఆ అడ్డుగోడల కాలంలోనే.