ఇంటి చలనచిత్రములు - దంపతుల సాక్ష్యము

చలనచిత్రముల చరిత్ర అనగానే మనకు స్టూడియోలు, నటీనటులు, శతదినోత్సవములు జ్ఞప్తికి వచ్చును. ఆ చరిత్ర గ్రంథములకెక్కినది. దాని ప్రక్కనే, దాదాపు అంత వయస్సే గల మరియొక చరిత్ర చప్పుడు లేకుండ నడచినది. దానికి టిక్కెట్టు లేదు, గోడ ప్రకటన లేదు. ఇంటి యజమాని తీయగా, ఇంటివారే పాత్రధారులు కాగా, ఇంటి గోడమీదనే చూచుకొన్న చిత్రములవి. బీరువాలలో రేకు డబ్బాలయందు నిదురించు ఈ చిన్న రీళ్లు చరిత్రకు సాక్ష్యములెట్లయినవో, ఆ సాక్ష్యము నోరు విప్పుటకు ఆ ఇంటి భార్యాభర్తలు కలసి కూర్చుండుట ఎందుకు అవసరమో ఇచ్చట విచారింతము.

1895 డిసెంబరు 28వ తేదీన పారిస్ నగరములోని గ్రాండ్ కఫేలో లూమియేర్ సోదరులు రుసుము పుచ్చుకొని ప్రజలకు చలనచిత్రములు చూపిరి. ఆనాటి పది చిత్రములలో ఒకదానియందు కథ ఏమియు లేదు. అన్నదమ్ములలో పెద్దవాడైన ఆగస్టు, ఆయన భార్య మార్గరీతు ఆరుబయట బల్ల ముందు కూర్చుండి తమ పసిబిడ్డ ఆంద్రేకు చెంచాతో జావ తినిపింతురు. అంతే, నిమిషమైన నడువదు. తీసినవాడు బిడ్డ పినతండ్రి లూయీ. అనగా ప్రపంచము రుసుమిచ్చి చూచిన తొలి చిత్రములలోనే ఇంటి చిత్రమొకటి ఉన్నది. ఆంద్రే 1918లో, ఇరువదినాలుగేండ్ల వయస్సుననే మరణించినది. చిత్రములో మాత్రము ఆమె నేటికిని తండ్రి చేతి చెంచాకై నోరు తెరచుచునే యున్నది. ఆమె పేరు మనకు తెలిసినది కనుక ఆమె ఆంద్రే. తెలియనిచో, ఎవరో ఒక బిడ్డ. ఈ భేదమే మన ప్రసంగ విషయము.

లూమియేర్లవలె సొంత యంత్రము గలవారు అందరు కారు. సినిమాహాళ్లలో ఆడిన నైట్రేటు ఫిల్ము నిప్పు తగిలిన భగ్గుమనునది. పిల్లలున్న ఇంటిలో దానిని ఆడించుట ప్రమాదము. కావున ఇంటికొరకు తేలికగా మండని అసిటేటు ఫిల్మును, చిన్న కొలతలను వెదకవలసి వచ్చినది. 1922లో ఫ్రాన్సు దేశపు పాతే సంస్థ తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఫిల్మును, మరుసటి యేడు అమెరికాలోని కోడక్ సంస్థ 16 మిల్లీమీటర్ల ఫిల్మును విడుదల చేసెను. కోడక్ వారి కెమెరా, ప్రొజెక్టరు, తెర, తక్కిన సామగ్రి కలసి 335 డాలర్లు. ఆ యేడు ఫోర్డు మోటారు కారులలో చౌకబారుది అంతకంటె తక్కువకే లభించెడిది. ఇక ఇంటి చిత్రము ఎవరి వినోదమో వేరుగ చెప్పనక్కరలేదు.

పదునారు మిల్లీమీటర్ల ఫిల్ములో ఒక విశేషము కలదు. స్టూడియో చిత్రములకు ముందు నెగెటివు తీసి, దానినుండి ఎన్ని ప్రతులైనను ముద్రింతురు. ఇంటివారికి ఆ రెండవ ఖర్చు తప్పింపదలచి, కెమెరాలో నడచిన ఫిల్మునే కడిగి, రసాయనముల సహాయమున పాజిటివుగ మార్చు పద్ధతిని కోడక్ వారు కల్పించిరి. ఖర్చు తగ్గినది; కాని ప్రతి ఒక్కటే మిగిలినది. ప్రొజెక్టరులో గీత పడిన, దీపపు వేడికి కాలిన, చెద పట్టిన, దానికి మారు లేదు. మన పెద్దల తాళపత్ర గ్రంథమువలె ఇంటి చిత్రము ఏకైక ప్రతి.

1932లో, అమెరికా ఆర్థిక మాంద్యమున మునిగియున్న దినములలో, కోడక్ వారే 8 మిల్లీమీటర్ల విధానమును తెచ్చిరి. ఉపాయము చక్కనిది. పదునారు మిల్లీమీటర్ల వెడల్పు గల ఫిల్మునే కెమెరాలో ఒకసారి ఒక సగముమీదను, రీలు తిప్పివేసి మరల రెండవ సగముమీదను తీయుదురు. కడిగిన పిమ్మట దానిని నిలువున చీల్చి, కొనకు కొన అతుకుదురు. 25 అడుగులు 50 అడుగులగును. సెకనుకు 16 బొమ్మల చొప్పున అది నాలుగు నిమిషములకు కొంచెము మించి నడచును. 1935లో మాన్నెస్, గొడావ్‌స్కీ అను ఇరువురు సంగీత విద్వాంసులు రూపొందించిన కోడాక్రోము వచ్చుటతో ఇంటి చిత్రమునకు రంగులు కూడ అబ్బినవి. 1965లో వచ్చిన సూపర్ 8 పెట్టె, ఫిల్ము ఎక్కించు శ్రమను సైతము తొలగించినది.

నాలుగు నిమిషముల ఫిల్ము చేత నున్న గృహస్థు ఏమి తీయును? ప్రతిదినము చూచు వంటిల్లును తీయడు. రోజువారీ పనిపాటలను తీయడు. పుట్టినరోజు, పండుగ, ప్రయాణము, క్రొత్తగా నడక నేర్చిన బిడ్డ—వీనినే తీయును. అందుచేత ఇంటి చిత్రములలో దుఃఖము అరుదు, కలహము మృగ్యము. ఇంకొక లోపము కూడ గమనింపదగినది. కెమెరా పట్టినవాడు చిత్రములో కనబడడు. ఆ రోజులలో తీయువాడు తరచుగా తండ్రి. కావున ఇల్లంతయు కనబడును, ఇంటి పెద్ద కనబడడు. పైగా ఆ రీళ్లలో అధిక భాగము మూగవి.

అందువలన ఒక సాయంకాలము దీపములార్పి, దంపతులు తమ రీళ్లను వరుసగ వేసికొని చూచుకొనుట కేవలము కాలక్షేపము కాదు. భర్తకు కెమెరా ఎచ్చట నిలిచినదో, ఏ యేడు ఏ యూరికి పోయినదో తెలియును. భార్యకు ఆ వరండాలో కూర్చున్న ముసలమ్మ ఎవరి మేనత్తయో, ఆ పిల్లవాడు తరువాత ఏమైనాడో, ఆ చీర ఎవరు పెట్టినదో తెలియును. ఒకరు మరచినది ఇంకొకరు అందింతురు. బొమ్మ ఫిల్ముమీద నున్నది. అర్థము ఆ ఇరువురి మాటలలో నున్నది. మాట వ్రాతకెక్కనిచో ఏమగునో చెప్పుటకు ఒక దృష్టాంతము చాలును.

అమెరికాలో స్థిరపడిన డేవిడ్ కర్ట్జ్ 1938 వేసవిలో భార్యతోను, మిత్రులతోను ఐరోపా యాత్రకు బయలుదేరెను. చేత 16 మిల్లీమీటర్ల కెమెరా. యాత్రలో భాగముగా తాను జన్మించిన నాషెల్స్క్ అను పోలెండు దేశపు చిన్న పట్టణమునకు పోయి, అచ్చట సుమారు మూడు నిమిషముల చిత్రము తీసెను. అందు కొంత రంగులలో నున్నది. పిల్లలు ఒకరినొకరు త్రోసికొనుచు కెమెరా ముందుకు వత్తురు, ప్రార్థనాలయము మెట్లమీదుగ జనము దిగివత్తురు, నవ్వుదురు, చేతులూపుదురు. ఆ పట్టణమున ఏడువేల జనాభాలో మూడువేలమంది యూదులు. మరుసటి సెప్టెంబరులో జర్మనీ పోలెండుమీద పడినది. 1939 డిసెంబరులో నాషెల్స్క్ యూదులను ఊరు వెడలగొట్టిరి. యుద్ధాంతమునకు బ్రదికి మిగిలినవారు నూరుమందికన్న తక్కువ.

ఆ రీలు డెబ్బదియేండ్లు అరలోనే యుండెను. 2009లో మనుమడు గ్లెన్ కర్ట్జ్ ఫ్లోరిడాలోని తన తల్లిదండ్రుల యింట దానిని కనుగొనెను. అప్పటికే ఫిల్ము ముడుచుకొని చెడిపోవుచుండెను. వాషింగ్టనులోని హోలోకాస్టు స్మారక ప్రదర్శనశాల వారు దానిని బాగుచేయించి, అందరును చూచుటకు వీలు కల్పించిరి. కాని నూరుకు పైబడిన ఆ ముఖముల పేర్లు ఎచ్చటను వ్రాసిలేవు. ముందుగా ఆ యూరేదో తేల్చుటకే మనుమడు శ్రమపడవలసి వచ్చినది. పిదప ఒకనాడు ఆ చిత్రము చూచిన యువతి యొకతె, ముందుకు తోసికొనివచ్చు ఒక బాలుని ముఖమున తన తాతగారి పోలికను గుర్తించినది. ఆ బాలుడు మారిస్ చాండ్లర్. చిత్రము తీసిననాడు పదమూడేండ్లవాడు. తిరిగి దానిని చూచుకొన్ననాడు ఎనుబది దాటిన వృద్ధుడు. ఆయన తన చెలికాండ్రను, అంగళ్లను, ఆనాటి టోపీల తారతమ్యములను సైతము గుర్తుచేసికొని చెప్పెను. ఆ కృషి 2014లో గ్రంథముగను, 2021లో చలనచిత్రముగను వెలువడినది. అయినను పేర్లు దొరకిన ముఖములు కొలదియే. తక్కినవారు నవ్వుచునే అనామకులై మిగిలిరి. 1938లో ఇల్లు చేరిన ఆ దంపతులు, చిత్రము చూచుకొన్న ఏదో యొక రాత్రి, ఒక కాగితముపై నాలుగు పంక్తులు వ్రాసియుండిన ఎంత మేలై యుండెడిది!

మాట లేనిదే బొమ్మ మనలను పొరపాటు పడజేయుటయు కలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికా ప్రభుత్వము పసిఫిక్ తీరమునందలి జపాను సంతతివారిని సుమారు 1,20,000 మందిని ఇండ్లు విడిపించి శిబిరములలో నుంచినది. యూటా రాష్ట్రపు టోపాజ్ శిబిరమున నున్న డేవ్ టాట్సునో, నిషిద్ధమైన 8 మిల్లీమీటర్ల కెమెరాను ఒక ఉద్యోగి సహాయమున తెప్పించుకొని, తోటివారి దినచర్యను రంగులలో చిత్రించెను. మంచు, పండుగ, పిల్లల ఆటలు—ఏమియు నెరుగనివాడు చూచిన, ఏదో యొక ప్రశాంత గ్రామమనుకొనును. వీరు నిర్బంధితులని చెప్పువాడుండిననే ఆ నవ్వుల వెనుక నున్నది బోధపడును. 1996లో ఆ చిత్రమును అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చిరి.

మన దేశమునకు సంబంధించిన ఇంటి చిత్రములును కలవు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయపు దక్షిణాసియా అధ్యయన కేంద్రమున, ఇచ్చట కాపురముండిన ఆంగ్ల కుటుంబములు తీసికొన్న చిత్రములు భద్రపరుపబడినవి. దొరబిడ్డ పేరు వారి వంశీయులకు తెలియును. ఆ బిడ్డనెత్తుకొన్న ఆయా పేరు, వెనుక గొడుగు పట్టి నిలిచినవాని పేరు తెలియుట అరుదు. మన తాతముత్తాతలు వారిలో నుండవచ్చును. అడిగి తెలిసికొందమన్న చెప్పువారు లేరు.

ఇక ఫిల్ము ఆయుర్దాయము. ఇంటికి క్షేమమని వాడిన అసిటేటు ఫిల్ము వేడికి, తేమకు విచ్ఛిన్నమై వినిగరు వాసన వేయును, ముడుచుకొని పెళుసెక్కును. 1948లో ప్రవేశపెట్టిన ట్రయాసిటేటు ఫిల్ము ఇట్లు చెడుచున్నదని పదేండ్లలోపుననే కోడక్ వారికి అందిన మొదటి సమాచారము భారత ప్రభుత్వమునుండి వచ్చినదే. మన వాతావరణమున ఈ హెచ్చరిక ఎంత ముఖ్యమో వేరుగ చెప్పనేల? కోడాక్రోమును కడుగు చివరి శాల 2010 డిసెంబరుతో ఆ పని మానినది. 1980 దశకమునుండి మన పెండ్లిండ్లలో ప్రవేశించిన వీడియో కాసెట్టుల స్థితియు ఇంతకన్న మెరుగు కాదు. టేపుమీది అయస్కాంతపు పూత క్షీణించును. ఆడించు యంత్రములను చివరివరకు చేసిన జపాను సంస్థ ఫునాయ్ 2016లో తయారీని నిలిపివేసినది. నేడు చేతి ఫోనులలో వేలకొలది దృశ్యములు పేరుకొనుచున్నను, వానిలోని మనుష్యుల పేర్లు వ్రాయు అలవాటు మాత్రము పెరిగినట్లు తోచదు.

అందుచేత పాత రీళ్లో, కాసెట్టులో గల ఇంటివారికి మా మనవి యిది. మొదట డబ్బా తెరచి వాసన చూడవలెను. పులుపు వాసన వచ్చినను, ఫిల్ము వంకరలు తిరిగినను, దానిని పాత ప్రొజెక్టరులో ఆడింపరాదు. పండ్లచక్రములు దానిని చించివేయును. తెలిసినవారిచేత ప్రతి తీయించి, ఆ ప్రతిని చూడవలెను; మూలమును చల్లని, పొడి స్థలమున దాచవలెను. పిమ్మట ఇంటి పెద్దలిద్దరును కలసి కూర్చుండి, దృశ్యము దృశ్యమునకును ఆపుచు, ఎవరు, ఎచ్చట, ఎప్పుడు అని చెప్పవలెను, పిల్లలు వ్రాయవలెను. భార్య ఒకటియు భర్త వేరొకటియు చెప్పినచో తగవు తీర్పనక్కరలేదు, రెండును వ్రాయవలెను. చరిత్రకారునికి రెండును పనికివచ్చును. చిత్రములో వంటమనిషి, పాలేరు కనబడిన, వారి పేర్లును వ్రాయవలెను. పలు దేశములలో ఇట్టి చిత్రములను నలుగురి నడుమ ప్రదర్శించుటకు ఏటేట ఇంటి చిత్రముల దినము జరుగుచున్నది. ఇంటిలో జరుపుకొనుటకు అట్టి దినము కొరకు వేచియుండనక్కరలేదు.

సాధ్యమైనచో ఆ మాటలను వారి కంఠములతోనే రికార్డు చేయవలెను. రేడియో శ్రోతలకు కంఠము విలువ క్రొత్తగ చెప్పవలసినది కాదు. మూగబొమ్మకు ఆ కంఠము తోడైనప్పుడు, చూడని మనుమలకు కూడ ఆ వరండా, ఆ ముసలమ్మ, ఆ ప్రయాణము తెలియును. ఇద్దరిలో ఒకరు లేకపోయిన సగము పేర్లు పోవును. ఇద్దరును లేకపోయిన మిగుల నవి ముఖములే. డబ్బాలు అరలో నుండగనే, చెప్పువారు ఇంట నుండగనే ఈ పని జరుగవలెనని మా కోరిక.